ఒక్క ముక్కే అడిగాను

"అడిగావా, లేదా? ముందది చెప్పు."

వదిన ఆ మాట అనడం అది మూడోసారి. మొదటిసారి పంతులమ్మ వినపడనట్టు జడ అల్లుకుంది. రెండోసారి సంచిలో తల దూర్చి ఏదో వెతికింది. ఇప్పుడిక వెతకడానికి సంచిలో ఏమీ మిగల్లేదు, గుమ్మానికి అడ్డంగా వదిన నిలబడి ఉంది.

"అడిగాను," అంది పంతులమ్మ. "అడక్కుండా ఎలా తెలుస్తుంది వదినా? పిల్లలు వాళ్ళంతట వాళ్ళు వచ్చి చెప్తారా?"

పొద్దున్నే అత్తగారు గోడ దగ్గర నిలబడి పక్కింటావిడతో గొప్పలు చెప్పుకోకపోతే ఈ సంగతి ఇవాళ కూడా బయటపడేది కాదు. "మా అమ్మాయి ఒళ్ళో కూర్చోబెట్టుకుని అడిగేసరికి ఆ పిల్ల మొత్తం కక్కేసిందట" అని ఆవిడ అంటుంటే, బట్టలు ఆరేస్తున్న వదిన చేతిలో తడి దుప్పటి అలాగే ఉండిపోయింది.

పంతులమ్మ వదిన భర్తకు చెల్లెలు. బళ్ళో చిన్న క్లాసుకు పాఠం చెబుతుంది. ముద్దొచ్చినప్పుడూ, ఒళ్ళు మండినప్పుడూ కూడా ఇంట్లో ఆమెను పంతులమ్మ అనే అంటారు. వదిన ఉద్యోగం వేరు. ఇళ్ళల్లో దెబ్బలు తిన్న పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, వాళ్ళకేం జరిగిందో వాళ్ళ నోటితోనే వినడం ఆమె పని. "పిల్లలచేత చెప్పిస్తారట కదా" అని ఎవరైనా అంటే ఆమెకు ముక్కు మీదికి కోపం వస్తుంది. చెప్పించడం కాదండీ, చెబితే వినడం అంటుంది.

ఇప్పుడు ఇద్దరి మధ్యా నలుగుతున్న పిల్ల గువ్వ. అది పంతులమ్మ పెట్టుకున్న ముద్దుపేరు. కిందటివారం చేతులు కడుక్కోవడానికి పిల్ల చొక్కా చెయ్యి పైకి మడిస్తే, మోచేతి పైన కాలిన మచ్చలు కనిపించాయి. ఒకటి పాతది, ఒకటి పచ్చిది. పంతులమ్మ ఫోన్ చేసింది, వదినవాళ్ళ సెంటరు కదిలింది, పిల్లను తాత్కాలికంగా సర్కారు పిల్లల హోమ్‌లో పెట్టారు. మచ్చలు చూసింది, ఫోన్ చేసింది, అంతే అనుకుంది వదిన ఇన్నాళ్ళూ.

"ఏమంది పిల్ల?"

"మామయ్య ఇస్త్రీ పెట్టె పెట్టాడంది. ఇంకేం కావాలి మీకు?"

"తర్వాత?"

"తర్వాతేముంది, హెడ్మాస్టరు గారి గదికి తీసుకెళ్ళాను. ఆయన కూడా వినాలి కదా."

"ఆయన ముందు మళ్ళీ చెప్పమన్నావా?"

పంతులమ్మ జడ చివర రిబ్బను విప్పి మళ్ళీ కట్టుకుంది.

అంతలో సగం గడ్డం గీసుకున్న మొహంతో వదిన భర్త వచ్చి తువ్వాలు ఎక్కడుందని అడిగాడు. భార్య మొహం చూశాడు. చెల్లెలి మొహం చూశాడు. తువ్వాలు లేకుండానే వెనక్కి వెళ్ళిపోయాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నేర్చుకున్న విద్య అదొక్కటే.

పిల్ల చేత ఒకటికి రెండుసార్లు చెప్పించకూడదని నీకు ఎన్నిసార్లు చెప్పానని వదిన అడిగింది. నేనేమన్నా కొట్టి అడిగానా, ఎత్తుకుని అడిగాను అని పంతులమ్మ అంది. ఎత్తుకుని అడిగినా అడగడమే అని వదిన. అయితే మీరొచ్చేదాకా ఆ చెయ్యి చూస్తూ కూర్చోమంటావా అని పంతులమ్మ. మధ్యలో అత్తగారు వంటింట్లోంచే ఒక మాట విసిరారు. పిల్లను ఏమైందమ్మా అని అడగడం కూడా నేరమైపోతే ఇంక మనుషులెందుకు, గోడలు చాలు అన్నారావిడ. ఆవిడ మాటలో తప్పేమీ లేదు. అందుకే వదినకు మరింత ఒళ్ళు మండింది.

"పోయినేడాది ఇంకో పిల్లవాడి సంగతి ఇలాగే మీకు ఫోన్ చేసి చెప్పాను," అంది పంతులమ్మ. గొంతు తగ్గింది, వేడి తగ్గలేదు. "అప్పుడు నేనేమీ అడగలేదు. నువ్వు చెప్పినట్టే నోరు మూసుకున్నాను. మీరేం చేశారు? మీటింగులు పెట్టారు. ఒకరి కోసం ఒకరు ఆగారు. ఈలోగా వాళ్ళ నాన్న వాణ్ణి బడి మాన్పించి తీసుకుపోయాడు. వాడెక్కడున్నాడో నీకు తెలుసా వదినా? నాకు తెలీదు. హాజరు పిలిచేటప్పుడు ఇప్పటికీ వాడి పేరు నోటిదాకా వస్తుంది."

వదిన గుమ్మంలోంచి పక్కకు జరిగింది.

పంతులమ్మ చెప్పులేసుకుంటూ అడిగింది. "మీ వాళ్ళకి చెప్తావా?"

"చెప్పాలి."

"నేను మీ ఆడపడుచునని కూడా?"

"అది కూడా."

"చెప్పు. నా ఉద్యోగం పోతే నీ జీతంతో నన్ను పోషిద్దువుగాని," అని పంతులమ్మ వెళ్ళిపోయింది. గేటు వేసుకోలేదు. అత్తగారు వచ్చి గేటు వేసి, కోడలి వైపు చూడకుండా లోపలికి పోయారు. ఆవిడ చూపు కన్నా చూడకపోవడమే ఎక్కువ గుచ్చుకుంది.

*

సెంటరు ఒక బట్టల షాపు పైన ఉంది. మెట్లెక్కగానే నడవా, నడవాలో బెంచీ, కుడివైపు రెండు గదులు. చిన్న గదిలో పిల్లల ఎత్తు కుర్చీలు రెండు, గోడకు పెద్ద అద్దం. అద్దానికి అటువైపు పెద్ద గది. అక్కడ కూర్చున్నవాళ్ళకు ఇటువైపు కనబడుతుంది, ఇటువాళ్ళకు తమ మొహాలే కనబడతాయి.

వెనకటికి పిల్ల పోలీసు స్టేషన్లో ఒకసారి, ఆసుపత్రిలో ఒకసారి, కోర్టులో ఒకసారి తన కథ చెప్పుకోవాల్సి వచ్చేది. చెప్పి చెప్పి సగంలోనే పిల్లలు మూగబోయేవాళ్ళు. ఆ బాధ పడలేకే ఈ అద్దం పెట్టారు. ఒకే గది, ఒకే మనిషి, ఒకేసారి. మిగతావాళ్ళు అద్దం వెనక కూర్చుని వినాలి, కావాల్సిన ప్రశ్న వదిన చెవిలోని చిన్న ఇయర్‌ఫోన్‌లో చెప్పాలి. అంతవరకు ఎవ్వరూ పిల్లను ఏమీ అడగకూడదు. ఆ నియమానికి తలలూపినవాళ్ళే ఇవాళ పెద్ద గదిలో బల్ల చుట్టూ కూర్చున్నారు. ఇన్‌స్పెక్టరు, పిల్లల డాక్టరమ్మ, సర్కారు తరఫున కేసు నడిపే లాయరు.

ఫ్యాను తిరగడం లేదు. టీలు చల్లారిపోయాయి. వదిన కూర్చోకుండానే చెప్పేసింది. మచ్చలు చూసిన టీచరు మా ఆడపడుచు, ఆమె పిల్లను అడిగింది, పిల్ల మామయ్య పేరు చెప్పింది, ఆ తర్వాత హెడ్మాస్టరు ముందు మళ్ళీ చెప్పింది.

లాయరు అగ్గిమీద గుగ్గిలమైపోయాడు. సన్నటి మనిషి, సన్నటి గొంతు, కోపం వస్తే ఆ గొంతు ఇంకా సన్నబడి సూదిలా దిగుతుంది. ఈ నియమం కోసం నేను ఎందరి కాళ్ళు పట్టుకున్నానో మీకు తెలుసా అన్నాడు. మంచి మనసుతో అడిగినవాళ్ళే నా కేసుల కొంప ముంచుతున్నారన్నాడు. చెడ్డవాళ్ళు అసలు అడగనే అడగరు, వాళ్ళతో నాకు బాధే లేదన్నాడు.

"రేపు అవతలి వకీలు లేచి ఒక్కటే అంటాడు. పిల్ల ఎంతమందికి చెప్పింది, ఎన్ని రకాలుగా చెప్పింది, అందులో ఏది నిజం అని. నేను ఏ మొహం పెట్టుకుని నిలబడను?"

"రెండుసార్లూ ఒకటే చెప్పింది కదండీ," అంది వదిన.

లాయరు కాస్త చల్లబడ్డాడు. అయితే పర్వాలేదన్నాడు. సరిగ్గా అప్పుడే డాక్టరమ్మ చల్లారిన టీని చెంచాతో కలపడం మొదలుపెట్టింది. చక్కెర ఎప్పుడో కరిగిపోయిన టీ అది.

"నేనూ అడిగాను," అంది డాక్టరమ్మ. "ఒక్క ముక్కే. పుండుకి మందు రాస్తూ ఎలా అయిందమ్మా అనకుండా ఎలా ఉంటాను? నోటికి ప్లాస్టరు వేసుకుని రాయమంటారా?"

"ఏమంది?"

"ఇస్త్రీ పెట్టె తగిలిందంది."

తగలడం వేరు, పెట్టడం వేరు. ఆ తేడా గదిలో అందరికీ తెలుసు.

ఇన్‌స్పెక్టరు కుర్చీలో వెనక్కి వాలి, చదువుకున్నవాళ్ళు కూడా ఇలా చేస్తే ఎలాగండీ అన్నాడు. డాక్టరమ్మ తల ఎత్తింది. మీ జీపులో హోమ్‌కి తీసుకెళ్ళేటప్పుడు దారంతా పిల్ల నోరు మూసుకునే ఉందా అని అడిగింది. ఇన్‌స్పెక్టరు నీళ్ళు నమిలాడు. పక్కన కూర్చున్న లేడీ కానిస్టేబులు ఏదో పలకరింపుగా అడిగి ఉంటుందన్నాడు. పిల్ల తెలీదందట. సరే, దిగేటప్పుడు తను కూడా ఒక చాక్లెట్ ఇచ్చి ఒక్క ముక్క అడిగానన్నాడు. మర్చిపోయానందట.

"అందరూ ఒక్క ముక్కే," అన్నాడు లాయరు. "అన్ని ముక్కలూ కలిపితే పిల్ల దగ్గర ఏం మిగిలిందో చూడండి. మామయ్య పెట్టాడు. తగిలింది. తెలీదు. మర్చిపోయాను."

"ఇంకోటి కూడా ఉంది," అంది వదిన. చెప్పక తప్పదు కదా. నిన్న హోమ్‌లో తల్లి చూడటానికి వచ్చింది. ఆయా ఎదురుగానే తల్లి అడిగింది. నేనే పెట్టుకున్నానని పిల్ల చెప్పింది.

అక్కడితో ముగ్గురూ ఒక్కసారే అందుకున్నారు. ఇన్‌స్పెక్టరు డాక్టరమ్మ మీద పడ్డాడు. మీరు కాలిన గాయమని రాసి ఊరుకున్నారు, ఎవరో కావాలని కాల్చారని ఒక్క వాక్యం రాస్తే నా చేతులకున్న కట్లు విడిపోయేవి కదా అన్నాడు. గాయం ఏం చెబుతుందో అదే నేను రాస్తాను, రెండు మచ్చలు ఒకే చోట ఉండటం మామూలు ప్రమాదంలా లేదనీ రాశాను, పెట్టె పట్టుకున్న చెయ్యి ఎవరిదో గాయం మీద ఉండదు కదా అని డాక్టరమ్మ అంది. మీరు వెళ్ళి ఆ మనిషిని పట్టుకుంటే ఏం పోయిందని ఎదురడిగింది. పట్టుకుంటే సాయంత్రానికి బయటికొస్తాడు, ఆ కోపం ఎవరి మీద తీర్చుకుంటాడో మీరే చెప్పండి అన్నాడు ఇన్‌స్పెక్టరు. లాయరు ఇద్దరినీ ఆపబోయి ఇద్దరిచేతా తిట్లు తిన్నాడు.

విచిత్రమేమిటంటే ముగ్గురు చెప్పేదీ నిజమే. ఒకరు చెయ్యి వేస్తే తప్ప ఇంకొకరు కదలలేరు. కదిలే మొదటి చెయ్యి మాత్రం రెండో క్లాసు పిల్లది కావాలి. ఇంతమంది పెద్దవాళ్ళం, ఇన్ని కుర్చీలు, ఇన్ని చదువులు, చివరికి ఈ బండి లాగాల్సింది ఆ కాలిన చెయ్యేనా అనుకుంటే వదినకు ప్రాణం ఉసూరుమంది.

"పిల్లను కొన్నాళ్ళు వదిలేద్దాం," అంది. "ఎవ్వరం ఏమీ అడగొద్దు. ఆడుకోనిద్దాం, నిద్రపోనిద్దాం. తర్వాత కూర్చుంటాను."

లాయరు తల అడ్డంగా ఊపాడు. తల్లి పిల్లను తనకు అప్పగించమని, ఇలాంటి పిల్లలు ఎక్కడుండాలో తేల్చే కమిటీకి అర్జీ పెట్టుకుంది. కమిటీ ఇచ్చిన గడువు ఇవాళ సాయంత్రంతో తీరిపోతుంది. ఈలోగా పిల్ల నోటివెంట ఏదీ రాకపోతే తల్లితో పంపాల్సిందే. తల్లికి వేరే ఇల్లు లేదు. ఆమె ఉండేది అన్నగారింట్లో. అంటే గువ్వ మళ్ళీ అదే మామయ్య ఇంటికి, అదే ఇస్త్రీ పెట్టె ఉన్న గదికి వెళుతుంది. ఈసారి ఊరందరికీ చెప్పి వచ్చిన పిల్లగా వెళుతుంది.

ఆసుపత్రిలో చేర్చుకున్నట్టు రాయండి, నాలుగు రోజులు గడిచిపోతాయని ఇన్‌స్పెక్టరు అన్నాడు. మానుతున్న పుండుకి మంచం ఎలా ఇవ్వను, దొంగ కాగితం బయటపడితే నా మాట ఇంకే కేసులోనూ చెల్లదని డాక్టరమ్మ అంది. అంది గానీ, ఆమె కళ్ళు నిండాయి. కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

ఆడపడుచు ఫోన్‌తో మొదలైన కేసులో వదిన కూర్చోవచ్చా అనే ప్రశ్న కూడా వచ్చింది. కూర్చోకూడదు. కానీ ఈ పని తెలిసిన రెండో మనిషి పురిటికి వెళ్ళింది. చుట్టరికం సంగతి రికార్డింగులో ముందే చెప్పేయండి, అంతకన్నా చేసేదేం లేదన్నాడు లాయరు. ఆమె బయటికి వెళ్ళబోతుంటే మళ్ళీ వెనక్కి పిలిచాడు.

"వదినగారూ. ఒక్కసారే. పిల్ల ఏది చెప్పినా సరే, మళ్ళీ అడగొద్దు. ఇన్నిసార్లు జరిగింది చాలు."

ఇన్‌స్పెక్టరు ఒకప్పుడు వేళాకోళంగా మొదలుపెట్టిన పిలుపు అది. ఇప్పుడు సెంటరులో అందరికీ ఆమె వదినే. ఇవాళ మాత్రం ఆ పిలుపు వింటే ఆమెకు ఇల్లు గుర్తొచ్చింది.

*

మధ్యాహ్నం పంతులమ్మ ఫోన్ చేసింది. పొద్దుటి కోపం గొంతులో లేదు, అది ఉన్నా బాగుండేది. గువ్వ వాళ్ళమ్మ బడికొచ్చిందట. తిడుతుందనుకుని హెడ్మాస్టరు తన గది తలుపేసుకున్నాడట. ఆమె తిట్టలేదు. క్లాసు గుమ్మంలో నిలబడి ఒక్క మాట అని వెళ్ళిపోయిందట.

"ఏమంది?"

"మీకు ఇల్లుంది టీచరుగారూ, నాకు మా అన్న ఇల్లే ఇల్లు, మీరు దాని తలుపు మూసేశారు అంది." తర్వాత పంతులమ్మ అడిగింది. "నేను చేసింది తప్పా వదినా?"

కాదు అని చెప్పొచ్చు. అవును అని కూడా చెప్పొచ్చు. వదిన రెండూ చెప్పలేక, సాయంత్రం మాట్లాడుకుందాం, తిన్నావా అని అడిగింది. ఫోన్ పెట్టేశాక తను తినలేదని గుర్తొచ్చింది.

నడవాలో బెంచీ మీద ఆ తల్లే కూర్చుని ఉంది. పాత చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకుని ఉంది. సంచిలోంచి పిల్ల స్వెట్టరు చెయ్యి ఒకటి బయటికి వేలాడుతోంది. అప్పుడే తీసుకెళ్ళడానికి సిద్ధపడి వచ్చిందన్నమాట. వదిన దాటిపోబోతుంటే లేచి నిలబడింది.

"ఇవాళ్టితో అయిపోతుందా అమ్మా?"

కేసు గురించి ఆమెతో ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. కూర్చోండమ్మా, నీళ్ళు తాగుతారా అని మాత్రం అంది వదిన. తల్లి కూర్చుంది గానీ నీళ్ళు వద్దంది. ఈమె మీద కోపం తెచ్చుకుందామని వదిన పొద్దుటినుంచీ ప్రయత్నిస్తోంది. ఆ మొహం చూశాక అది కూడా చేతకాలేదు.

*

గువ్వ చిన్న కుర్చీలో కూర్చుని అద్దంలో తనను తాను చూసుకుంటోంది. ఎడమచేతికి తెల్లటి కట్టు. కాళ్ళు నేలకు అందుతున్నాయి, అయినా ఊపుతూనే ఉంది.

వదిన మొదట చెప్పాల్సినవి చెప్పింది. అద్దం వెనక కొందరు కూర్చుని వింటున్నారని చెప్పింది. తను టీచరుకి వదిననని చెప్పింది. తెలియకపోతే తెలియదని చెప్పొచ్చంది, నేను తప్పు మాట్లాడితే సరిదిద్దొచ్చంది. పిల్ల అన్నిటికీ తలూపింది. కాసేపు హోమ్‌లో పిల్లిపిల్లల గురించి మాట్లాడుకున్నారు. ఒకదానికి తోక వంకరట. ఆ తోక ఎంత వంకరో వేలితో గాల్లో గీసి చూపించింది. నవ్వింది కూడా. చెవిలో డాక్టరమ్మ ఊపిరి వదలడం వినిపించింది.

ఇక్కడినుంచే కష్టం. ఇక్కడినుంచి పిల్ల ఏం చెప్పినా బాగా చెప్పావనకూడదు. అయ్యో అనకూడదు. కనుబొమ్మ కూడా ఎగరకూడదు. పిల్లలు మాటలు వినరు, మొహాలు చదువుతారు. ఏ జవాబుకి పెద్దవాళ్ళ మొహం విప్పారుతుందో ఆ జవాబే ఇస్తారు.

"నువ్విక్కడికి ఎందుకొచ్చావో నాకు చెప్పు. నీకు గుర్తున్నదంతా, మొదట్నుంచీ చెప్పు."

గువ్వ కాళ్ళు ఊపడం ఆపింది. కట్టు వైపు చూసింది, అద్దం వైపు చూసింది, వదిన మొహం వైపు చూసింది. అక్కడే ఆగింది. వదిన మొహాన్ని గోడలా ఉంచింది.

వదిన చెవిలో ఇన్‌స్పెక్టరు ఏదో గొణిగితే లాయరు ఉష్ అన్నాడు.

"ఏది చెప్పాలి?" అని అడిగింది గువ్వ.

"ఏం జరిగిందో అది."

"అన్నీ చెప్పేశాగా. అందులో ఏది రైటు?"

ఈ ప్రశ్నకు చెప్పాల్సిన జవాబు వదినకు కంఠతా వచ్చు. ఎందరు పిల్లలకు చెప్పిందో లెక్కలేదు. ఎప్పుడూ అది ఇంత చేదుగా లేదు.

"నాకు తెలీదమ్మా. నేనక్కడ లేను. ఏం జరిగిందో నీకే తెలుసు."

గువ్వ ఆలోచనలో పడింది. తెలివైన పిల్ల, లెక్క తేలకపోతే వేళ్ళు మడిచి చూసుకునే పిల్ల. ఇప్పుడూ వేళ్ళు మడిచింది.

"టీచర్‌కి చెప్పాను. బాగా ఏడ్చింది. మళ్ళీ హెడ్మాస్టర్ దగ్గర చెప్పమంది, చెప్పాను. రైటయితే మళ్ళీ ఎందుకు చెప్పమంటారు? తప్పయితేనే కదా క్లాసులో మళ్ళీ అడుగుతారు." ఇంకో వేలు మడిచింది. "అందుకే డాక్టరాంటీకి వేరేది చెప్పాను. పోలీసక్క మళ్ళీ అడిగింది. అదీ తప్పేమో అనుకుని తెలీదన్నాను. సార్ చాక్లెట్ ఇచ్చి మళ్ళీ అడిగారు. మర్చిపోయానన్నాను. ఆయన మొహం ఇలా పెట్టారు."

ఇన్‌స్పెక్టరు మొహం ఎలా పెట్టాడో చేసి చూపించింది. చెవిలో ఎవరి ఊపిరీ వినిపించలేదు.

వదిన కదల్లేదు. పిల్ల అబద్ధాలకోరు కాదు, మతిమరుపుదీ కాదు. అందరం కలిసి, తలా ఒకసారి, ఎంతో ప్రేమగా, దాని నిజాన్ని తప్పని దిద్దేశాం.

"అమ్మకి నేనే పెట్టుకున్నానని చెప్పాను," అంది గువ్వ. ఇప్పుడు మడవడానికి మిగిలింది బొటనవేలే. "అమ్మ మళ్ళీ అడగలేదు. నన్ను ఎత్తుకుంది. చాలాసేపు ఎత్తుకుంది. నేను పెద్దదాన్నయిపోయానని ఇప్పుడసలు ఎత్తుకోదు."

బొటనవేలు కూడా మడిచి, పిడికిలి ఒళ్ళో పెట్టుకుంది. లెక్క తేలిపోయిన పిల్లలా నిటారుగా కూర్చుంది.

"నేనే పెట్టుకున్నాను ఆంటీ. అదే రైటు."

రికార్డింగు ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. పిల్ల సొంత మాట అయిపోయింది. కమిటీ వాళ్ళు చివరి వాక్యమే చూస్తారో, అంతకుముందు వేళ్ళు మడిచిన లెక్క కూడా చూస్తారో ఎవరికి తెలుసు? అవతలి వకీలుకు మాత్రం చివరి వాక్యం చాలు. తలుపు అవతల తల్లి సంచి పట్టుకుని ఉంది. సాయంత్రం అవుతోంది.

చెవిలో కుర్చీ జరిగిన చప్పుడు. తర్వాత సన్నటి గొంతు, ఈసారి సూదిలా లేదు, వణుకుతోంది. లాయరుది.

"వదినగారూ, ఇంకొక్కసారి అడగండి."

వద్దని డాక్టరమ్మ అనలేదు. ఇన్‌స్పెక్టరు అనలేదు. వదిన అద్దం వైపు తిరిగింది. అక్కడ తన మొహమే ఉంది. అడిగితే పిల్ల ఇంకో జవాబు వెతుక్కుంటుంది. అడక్కపోతే ఈ జవాబుతోనే మామయ్య ఇంటికి వెళ్ళిపోతుంది. ఆమె పెదవులు తడుపుకుంది.

గువ్వ ఆ పెదవుల్నే చూస్తోంది. పిడికిలి నెమ్మదిగా విప్పుకుంది.

"ఇదీ తప్పేనా?" అంది.